జుల్మా గుమ్మం ముందు మలుపు

చేపలబండి ఎమీల్‌తో వేర్లె పెట్టుకున్న తగాదాను ఇర్మా దగ్గరుండి చూసింది. దగ్గరుండి అంటే, వరసలో వేర్లె వెనకే నిలబడి, కాళ్లు పీకుతుంటే లోపల్లోపల ఇద్దర్నీ తిట్టుకుంటూ. శుక్రవారం పొద్దున ఎమీల్ బండి చర్చి పక్కన ఆగుతుంది. వేర్లె ఆల్చిప్పలు అడిగింది. ఎమీల్ పారతో ఎత్తి సంచిలో పోయబోతే ఆగమంది.

"కొన్ని నోళ్లు తెరుచుకుని ఉన్నాయి."

"ఊపిరి పీల్చుకుంటున్నాయమ్మా. నువ్వు పీల్చుకోవూ?"

"బతికుంటే తట్టగానే మూసుకుంటాయిగా. చూద్దాం."

పొడుగు కాడ దువ్వెన ఒకటి జేబులోంచి తీసి, ఒక్కొక్క చిప్ప మీదా టకటకా కొట్టడం మొదలుపెట్టింది. మూసుకున్నది ఇటు, మూసుకోనిది అటు. వెనక వరస చర్చి గేటు దాకా పెరిగింది. ఎమీల్ మొహం ఉడికించిన పీతలా అయింది.

"ఇలా ఒక్కోదానికీ నాడి చూస్తూ కూర్చుంటే నేను ఇల్లు చేరేదెప్పుడు? అంత భయమైతే గుడ్లు తిను."

"గుడ్లు కూడా నీళ్లలో వేసి చూస్తా," అంది వేర్లె, తల ఎత్తకుండా.

వరసంతా నవ్వింది. చచ్చినవి గుప్పెడు తేలాయి. వాటిని తూకం పళ్లెంలో పోసి, "ఇవి మీ ఇంట్లో వండించుకో. వచ్చే శుక్రవారం నువ్వు లేచి తిరుగుతుంటే అప్పుడు కొంటా," అంది. ఎమీల్ వేరే చిప్పలు పోశాడు. ఆ రోజు వరసలో ఉన్న ప్రతి ఆడదీ తన చిప్పలు తట్టించుకునే తీసుకెళ్లింది. ఇర్మా అయితే రెండుసార్లు తట్టించుకుంది.

అలా గెలిచింది కదా అని వేర్లెను ధైర్యంగల మనిషి అనుకోకండి. ఆవేళ గెలిచింది ఆమె భయం. పొయ్యి ఆర్పానో లేదో అని సందు చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషి వేర్లె. చలికాలంలో మంచు కరగడానికి మెట్టు మీద ఉప్పు చల్లందే కాలు బయటపెట్టదు. అంత చూసుకునే మనిషీ రెండేళ్ల కిందట జనవరిలో ఆ ఉప్పు చల్లడానికే బయటికొచ్చి, డబ్బాతో సహా జారిపడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆమె పని ఇల్లిల్లూ తిరిగి జుట్టు కత్తిరించడం, రోలర్లు చుట్టడం. మా ఊరి ముసలమ్మల తలలన్నీ ఆమె చేతిలోవే. చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్లూ కత్తెర పట్టలేకపోయింది. తల్లీ కూతుళ్లిద్దరూ తల్లి పింఛనుతో నెట్టుకొచ్చారు. సగంమంది ముసలమ్మలు పట్నం సెలూన్లకు మరిగారు, కట్టు విప్పాక కూడా వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఇర్మా మాత్రం ఎటూ పోలేదు. జుట్టు భుజాల దాకా పెరిగి గడ్డివాములా ఉన్నా, "నా తల కనిపించిన ప్రతి చేతిలోనూ పెట్టను," అంటూ అలాగే చర్చి పూజకు వెళ్లింది.

మణికట్టు అతికాక ఒళ్లు కదలాలని డాక్టరు ఇంట్లో పెట్టుకుని తొక్కే సైకిలు తొక్కమన్నాడు. గోడను చూస్తూ తొక్కి తొక్కి విసుగెత్తి వేర్లె రోడ్డు మీది సైకిలెక్కింది. ఆదివారం పొద్దున్నే ఫిర్మాన్ గుంపుతో పోయేది. ఫిర్మాన్ ఇటుకల కార్ఖానాలో పనిచేసి మానేసిన మనిషి, వయసులో ఉన్నప్పుడు పందేలు తొక్కినవాడు. గుంపులో అందరూ ముందువాడి చక్రానికి జానెడు దూరంలో తమ చక్రం ఉంచి గాలి తప్పించుకుంటారు. వేర్లె రెండు బారల దూరంలో, అందరి వెనకా, గాలికి ఎదురీదుతూ వచ్చేది. ఆమెకు 'తోకబండి' అని పేరు పెట్టారు.

"ఉన్న గాలంతా నువ్వొక్కదానివే తింటున్నావు, దగ్గరికి రా," అనేవాడు ఫిర్మాన్.

"మీరు పడితే నేనాగడానికి చోటుండాలి కదా మామా."

"మేమెందుకు పడతాం?"

"పడేవాళ్లెవరూ ముందు చెప్పి పడరుగా."

ఫిర్మాన్ మోకాలి మీద ఇప్పటికీ పాత మచ్చ ఒకటి ఉంది.

మా ఫ్లాండర్స్ సీమలో సైకిలు పందెం లేని జాతరను జాతర అనరు. మా ఊరి జాతరలో అప్పటిదాకా మగవాళ్ల పందెమే ఉండేది. ఆ ఏడు మొదటిసారి ఆడవాళ్లకు కూడా పెట్టారు, ఊరి చుట్టూ ఎనిమిది చుట్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, గెంట్ పట్నం నుంచి ఆడపిల్లలు పేర్లిచ్చారు. మా ఊరి నుంచి పేరిచ్చింది ఒక్క వేర్లె.

ఇర్మా ఆ సంగతి తల వెనక కత్తెర ఆడుతుండగా విన్నది. "ఎందుకే నీకిది?" అంది.

కత్తెర ఆగింది. "తెలీదు పిన్నీ. పేరివ్వకపోతే ఆ రోజంతా ఇంట్లో కిటికీ షట్టరు వెనక కూర్చుని, బయట చక్రాల చప్పుడు వింటూ ఉంటా. అది తలుచుకుంటే పడటం కంటే ఎక్కువ భయమేసింది."

"పడితే?"

"పడితే ఈ చెయ్యే." కత్తెర మళ్లీ కదిలింది. "తల తిప్పకు, చెవి తెగుతుంది."

వేర్లె తల్లి పౌలా అరిచే మనిషి కాదు. కూతురు చెప్పింది విని, బంగాళదుంప తొక్క తీయడం ఆపకుండా, "ఆ చెయ్యి నీ ఒక్కదానిదే అనుకున్నావా?" అంది. అంతే. దుంపలన్నీ అయ్యాక, "ఆ రోజు షట్టరు దించేస్తా. చూడను," అని, తొక్కలన్నీ కాగితంలో చుట్టి లేచిపోయింది. వాళ్లిల్లు పందెం దారి మీదే ఉంది.

శనివారం వేర్లె ఆల్చిప్పలు తట్టినట్టే దారినంతా తట్టి చూసింది. చీపురు పట్టుకుని నడుచుకుంటూ పోయి, మలుపుల్లో ఉన్న కంకర ఊడ్చింది. గుంతల చుట్టూ సుద్దముక్కతో గుండ్రాలు గీసింది. బీట్‌దుంపల పొలాల దగ్గర ట్రాక్టరు వదిలిన మట్టి పెళ్లలను కాలితో కాలవలోకి తోసింది. చూసినవాళ్లు, మునిసిపాలిటీ వాళ్లు కొత్త మనిషిని పెట్టారా అని వేళాకోళమాడారు. అన్నింటిలోకీ ఆమె గుండెలో గుచ్చుకున్నది జుల్మా మలుపు. దారి పక్క చిన్న ప్రార్థన గుడి దగ్గర నుంచి దారి పల్లంగా దిగి, జుల్మా గుమ్మం ముందు కుడివైపుకు, ఇటుకలు పరిచిన ఇరుకు సందులోకి ఒక్కసారిగా తిరుగుతుంది.

"జుల్మమ్మా, రేపు మీ కుక్కను కట్టేస్తారా?"

"కట్టేస్తా."

"గేటు దగ్గర కాదు, వెనక పెరట్లో."

"పెరట్లోనే. వేర్లె అడిగితే కాదంటానా. మా గుమ్మం దగ్గర నీకే ఇబ్బందీ రానివ్వను, చూస్తూ ఉండు."

జుల్మా నిజంగానే అన్నది. మా ఊళ్లో జుల్మా గుమ్మాన్ని మించిన గుమ్మం లేదు. శనివారం శనివారం గోధుమరంగు సబ్బుతో మెట్టు, మెట్టు కింద బాట, బాట కింద కాలవ, ఆమె తోమనిది లేదు. ఇక్కడ తోమడం ఎవరికీ తప్పు కాదు, తోమకపోవడమే తప్పు. అందుకే వేర్లె కుక్క గురించి అడిగింది, సబ్బు గురించి అడగాలని ఆమెకే కాదు, ఎవరికీ తోచదు.

జాతర ఆదివారం ఇర్మా వంటగది పందెం పిల్లలతో నిండిపోయింది. దారి పక్క ఇళ్లవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చోటివ్వడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఒకమ్మాయి కాళ్లకు నూనె రుద్దుకుంటోంది, ఒకమ్మాయి సింకు దగ్గర సీసా నింపుకుంటోంది. వేర్లె కుర్చీలో కూర్చుని రొట్టె ముక్కను చూస్తోంది.

"తిను," అంది ఇర్మా, ఆమె వీపు మీద నంబరు గుడ్డ పెట్టి పిన్నీసు గుచ్చుతూ.

"దిగట్లేదు."

"గాలిలో కొట్టుకుపోతావే, బరువుండాలి. ఆ గెంట్ పిల్లను చూడు, మూడోది లాగిస్తోంది, అదీ నా రొట్టె."

ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న గెంట్ పిల్ల నోటినిండా రొట్టెతో నవ్వింది. పందెం మొదటిసారా అని వేర్లెను అడిగింది. వేర్లె తలూపింది. "ముందున్న చక్రాన్ని చూస్తూ ఉండకు. దాన్నే చూస్తే దానితోనే పడతావు. వాళ్ల భుజం మీదుగా దూరం చూడు," అంది ఆ పిల్ల. ఫిర్మాన్ నెల రోజుల్నుంచి అదే చెబుతున్నాడు. చెప్పడం తేలికే. రెండేళ్లుగా ప్రతి అడుగూ కింద చూసి వేసిన మనిషిని తలెత్తి నడవమన్నట్టుంది.

కాఫీ హోటలు ముందు వరస కట్టారు. మైకు ఫిర్మాన్ చేతిలో ఉంది. ఊరి పిల్ల అంటూ వేర్లె పేరు గట్టిగా చదివాడు. నలుగురు చప్పట్లు కొట్టారు. ఆమెకు అవేమీ వినపడలేదు, బ్రేకులు నొక్కి వదిలి, మళ్లీ నొక్కి చూసుకుంటోంది.

జెండా దిగింది.

మొదటి చుట్టంతా వేర్లె తన పాత బుద్ధే చూపించింది. గుంపుకు రెండు బారల వెనక. గుంపు మలుపులో నెమ్మదించి మళ్లీ దూకినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టి తరుముకోవాల్సి వచ్చేది. పొలాల మధ్య పక్కగాలి ఎత్తి కొట్టింది. ఛాతీ మండింది. ఇలా అయితే నాలుగైదు చుట్లకే ముందువాళ్లు తిరిగొచ్చి తనను దాటేస్తారని, జెండా చూపించి దించేస్తారని తెలుస్తూనే ఉంది. గుడి దగ్గర పల్లంలో గుంపు గబగబా దిగి, జుల్మా గుమ్మం దగ్గర ఎడమకు కాస్త జరిగి, మలుపు తిరిగింది. పొద్దున పూజయ్యాక జరిగిన గుర్రాల ఊరేగింపు వదిలిన పేడ అక్కడ గుమ్మానికి ఎదురుగానే ఉంది. అందరూ దాన్ని తప్పించారు. వేర్లె కూడా తప్పించింది. బ్రేకు గట్టిగా పట్టేసింది, వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

తల్లి ఇంటి ముందు నుంచి పోయింది. షట్టరు కింది దాకా దించి ఉంది.

రెండో చుట్టులో పొలాల దగ్గర ఎర్ర హెల్మెట్ పిల్ల గుంపు చివరకు జారి, వెనక్కి తిరిగి, "రా," అన్నట్టు తల ఊపింది. వేర్లె పళ్లు బిగించి పెడలు తొక్కింది. రెండు బారలు ఒక బార అయింది. బార జానెడైంది. గాలి ఆగిపోయింది. తలుపు మూసిన గదిలోకి వచ్చినట్టు ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమై, చైన్ల గరగర మాత్రం మిగిలింది. కాళ్లు తమంతట తామే తిరుగుతున్నాయి. ఇంతకాలం ఇంత సుఖాన్ని వదులుకుని గాలి తిన్నానా అనిపించింది. ఆ వెంటనే, ఈ పిల్ల ఇప్పుడు పడితే నాకు ఆగడానికి చోటు లేదు అనిపించింది. ఆ రెండు ఆలోచనల మధ్యనే గుడి వచ్చింది, పల్లం వచ్చింది.

పేడ లేదు. ఇటుకలు నల్లగా మెరుస్తున్నాయి. వాటి మీద తెల్లని నురగ బుడగలు ఎండకు రంగులు తిరుగుతున్నాయి.

గుంపులో చాలామంది మొదటి చుట్టులోలాగే ఎడమకు జరిగి దాటిపోయారు. పేడ లేదు కదా అని తిన్నగా వచ్చిన ఇద్దరు ఏ చప్పుడూ లేకుండా పక్కకు జారిపోయారు. ఆ తర్వాత చప్పుడు వచ్చింది, ఇనుము ఇటుకల మీద గీసుకున్న చప్పుడు. ఎర్ర హెల్మెట్ పిల్ల తిప్పబోయింది, సైకిలు ఆమె కింద నుంచి వెళ్లిపోయింది. వేర్లె చేతులు బ్రేకు మీదకు పోబోయి ఆగాయి. పట్టుకుంటే అయిపోయిందని ఎలా తెలిసిందో ఆమెకే తెలియదు. తిప్పితే పడతాను, ఆపితే పడతాను. తిప్పలేదు, ఆపలేదు. తిన్నగా పోయింది.

తిన్నగా జుల్మా గేటు ఉంది. బక్కెట్లు మోయడానికని బార్లా తెరిచి పెట్టింది. వేర్లె గేట్లోంచి దూరి, నడవ దాటి, పెరట్లో కోళ్ల గూటి తడికను ఢీకొట్టి ఆగింది. కోళ్లు గగ్గోలు పెట్టాయి. పెరట్లో కట్టేసిన కుక్క, తనను కట్టేయించిన మనిషిని గుర్తుపట్టినట్టు, గొలుసు తెగేలా మొరిగింది. వేర్లె సైకిలు మీదే ఉంది. కాలు నేలకు ఆనించి, కుడి మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తిరుగుతోంది.

జుల్మా బ్రష్షు పట్టుకుని వచ్చింది. "నడవ ఇప్పుడే తుడిచానే," అంది.

"వీధి ఎవరు కడగమన్నారు జుల్మమ్మా?"

"పేడ ఉంది, చూళ్లేదూ? పాపం అందరూ దాన్ని తప్పించుకుని పోతున్నారు, పిల్లలకి ఇబ్బందని గబగబా తోమా. మళ్లీ మీరు వచ్చేలోపల అయిపోవాలని నడుము విరిగింది."

"సబ్బుతోనా?"

"ఉత్తనీళ్లతో కడుగుతారా ఎవరైనా?" అంది జుల్మా, నొచ్చుకుని. "ఉండు, నురగ పోయేలా ఇంకో నాలుగు బక్కెట్లు కొట్టేస్తా."

వేర్లె బక్కెట్టు పిడి పట్టుకుంది. "చుక్క పోయకండి. కోళ్ల కింద రంపపుపొట్టు ఉందిగా, అది తెచ్చి చల్లండి."

"కోళ్ల కింది పొట్టా? నా గుమ్మం ముందా? జాతర రోజున?"

"జుల్మమ్మా, శుక్రవారం నేను మీ తలకు రోలర్లు చుట్టడానికి రావాలా, వద్దా?"

జుల్మా బక్కెట్టు వదిలింది. గొణుక్కుంటూనే పార తీసుకుంది.

వేర్లె కాళ్లతో నేలను తన్నుకుంటూ సైకిలును బయటికి తెచ్చింది. అక్కడ ఇద్దరు లేచి సైకిళ్లు చూసుకుంటున్నారు. ఎర్ర హెల్మెట్ పిల్ల బాట అంచున కూర్చుని ఉంది. కుడి చేతిని ఎడమ చేతిలో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో ఉంచుకుంది. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. వేర్లెకు ఆ నొప్పి తన ఎముకలో తెలిసింది. దారి కాసే పోలీసు, "నీకేమీ కాలేదుగా, అదే గొప్ప. దిగిపో అమ్మా, ఇంటికెళ్లు," అన్నాడు. అతను చెడ్డగా ఏమీ అనలేదు. దిగిపోతే ఊళ్లో ఒక్కరు కూడా మాట అనరు. దిగిపోదామనే కాలు తీసింది.

"నీ చైను ఊడింది, చూసుకో," అంది ఆ పిల్ల, నొప్పికి పాలిపోయిన మొహంతో.

వేర్లె వంగి చైను ఎక్కించింది. చేతులు మసి అయ్యాయి. ఎక్కిన చైనును ఒకసారి తిప్పి చూడకుండా ఉండలేదు, తిప్పి చూసింది. తిరిగింది. తిరిగాక ఇక దిగడానికి ఏ వంకా కనపడలేదు. ఎక్కింది.

వెనక నుంచి అంబులెన్సు కూత వినపడింది. అది తల్లి ఇంటి మీదుగానే పోవాలి. షట్టరు దించుకున్నా చెవులు దించుకోలేదు కదా అమ్మ. ఆ ఇంటి ముందు నుంచి పోతూ, "అమ్మా, నేనే, బాగానే ఉన్నా," అని అరిచింది. షట్టరు కదల్లేదు. ఆ తర్వాత ప్రతి చుట్టులోనూ అక్కడ అరిచింది, ప్రతి చుట్టులోనూ షట్టరు అలాగే ఉంది.

ఆమెలాగే గుంపు నుంచి జారిపోయినవాళ్లు ఇద్దరు పొలాల దగ్గర కలిశారు. వాళ్లలో ఒకావిడకు యాభై దాటి ఉంటాయి. "దూరం దూరంగా తొక్కి ముగ్గురం చస్తామెందుకు, దగ్గరికి రా," అంది. వేర్లె దగ్గరికి వెళ్లింది. వంతులవారీగా ముందుకొచ్చి గాలి మోశారు. ముందువాళ్లు తమను చుట్టి రాకుండా ఉండాలి, అంతే. భయం ఎక్కడికీ పోలేదు, ముందు చక్రంతో పాటే తిరుగుతోంది. అయినా చక్రం ఆగలేదు.

ఆఖరి చుట్టు గంట కొట్టాక గుడి దగ్గరికొచ్చేసరికి వేర్లె వంతు ముందుంది. పల్లం. మలుపులో తడి మీద పొట్టు పరుచుకుని ఉంది, పక్కన జుల్మా పార పట్టుకుని అవమానంతో నిలబడి ఉంది. వెనకవాళ్లకు అది కనపడదు. చూపించాలంటే హ్యాండిలు మీద నుంచి చెయ్యి తీయాలి. కుడి చెయ్యి. గుంపులో అందరూ రోజూ చేసే పనే, ఇన్నాళ్లలో వేర్లె ఒక్కసారి చేయలేదు. చెయ్యి తీసింది, పొట్టు వైపు వేలు చూపింది, మళ్లీ పట్టుకుని తిరిగింది. వెనక ఇద్దరూ ఆమె గీసిన గీత మీదే తిరిగారు.

ముగ్గురూ అందరికంటే చివర వచ్చారు. ఫిర్మాన్ మైకులో ఆమె పేరు చదివి, ఇంకోసారి చదివి, కాసేపట్లో మగవాళ్ల పందెం మొదలవుతుందని చెప్పాడు.

ఇర్మా వంటగదిలో వేర్లె కుర్చీలో కూలబడింది. చేతులు ఎంత వణుకుతున్నాయంటే బూటు పట్టీ కూడా ఊడదీసుకోలేకపోయింది. ఇర్మా తన మోకాళ్ల నొప్పులను తిట్టుకుంటూ కింద కూర్చుని పట్టీలు విప్పింది. వేర్లె మసి పట్టిన కుడి చేతిని బల్ల మీద పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, తెరిచి, చూసుకుంది.

"అంబులెన్సు పోయినప్పుడు అమ్మ ఏమనుకుందో," అంది. "ఎవరైనా వెళ్లి చెప్పారా?"

"ఎవరు చెబుతారు? అందరూ బీరు దగ్గర ఉన్నారు."

"నేనిలా వణుకుతూ వెళ్తే చేతి వంకే చూస్తుంది, ఏం చెప్పినా నమ్మదు." ఇర్మా చేతిలోంచి బూటు తీసుకుని, "పిన్నీ, నాకంటే ముందు నువ్వెళ్లు," అంది. "తలుపు కొట్టొద్దు, తలుపు కొడితే గుండె ఆగుతుంది అమ్మకు. వెనక పెరట్లోంచి మాట్లాడుతూ వెళ్లు, నీ గొంతు విని తెలుసుకుంటుంది. అంబులెన్సులో పోయింది నేను కాదని చెప్పు. చెయ్యి బాగుందని చెప్పు. తర్వాత కాస్త కాఫీ పెట్టించుకుని తాగు. కూర్చో. ఆ తర్వాత, వచ్చే ఆదివారం పక్క ఊళ్లో కూడా పందెం ఉందని, నేను పేరిచ్చేశానని, అది కూడా నువ్వే చెప్పు."